జపాను వారపు బొమ్మకథలు : వాటి తూకము



బొమ్మలనగా పిల్లల వినోదమని నేడొక వాడుక బలపడినది. మన పల్లెలలో నిది మొదటినుండి యున్న వాడుక కాదు. తోలుబొమ్మలాట చూడ నింటిల్లిపాదియు వచ్చెడివారు; కాని తెల్లవార్లు కూర్చుండి తీర్పు చెప్పినవారు పెద్దలే. రావణునికి గొంతు చాలలేదనియు, హనుమంతుని త్రిప్పుటలో చేతివాటము మెండనియు, కేతిగాడును బంగారక్కయు నిన్న కొంచెము హద్దు మీరిరనియు మరునాడు రచ్చబండమీద మాటలాడుకొన్నవారు వారే. ఆ కేతిగాని హాస్యము పసివారికొరకు పుట్టినదని యెవరును తలంపలేదు. బొమ్మ తోలుతో చేసినదా, కాగితముమీద గీసినదా యనుట వేరు. కథ పట్టుగా నడచినదా లేదా యనుట వేరు.

నేటి ప్రసంగము జపాను దేశపు టెలివిజను బొమ్మకథలను గూర్చినది. వీనిని 'అనిమే' అందురు. వారమున కొక భాగము చొప్పున నివి నెలల తరబడి, ఒక్కొక్కప్పు డేండ్ల తరబడి నడచును. పురాణము చెప్పువా డొకనాడు శ్రోతలను కదలనీయక కూర్చుండబెట్టి, మరునాడు గొంతు పట్టి తడబడుట మన మెరిగినదే. అట్లే యీ కథలలో నొక్కొక్క భాగమునకు వేరు వేరు గుణదోషములుండును. ఆ గుణదోషముల నెవరు తూచిరి, ఏ త్రాసుతో తూచిరి, ఆ తూకము నిలిచెనా యనునది నేను చెప్పదలచిన చరిత్ర.

టెలివిజనుకు ముం దా దేశపు వీథులలో కామిషిబాయి యను కాగితపు నాటక ముండెను. 1930 ప్రాంతమున వ్యాపారములు మందగించి పనులు పోయినవా రనేకు లీ వృత్తిలో దిగిరి. సైకిలు వెనుక నొక చిన్న కొయ్యపెట్టె. దానికి కిటికీవంటి చట్రము. అందులో బొమ్మలు గీసిన అట్టలు. కథకుడు వీథి మొగను నిలిచి రెండు కొయ్యముక్కలు చరచి పిల్లలను పిలుచును. చూచుటకు రుసుము లేదు. అత డమ్మునది మిఠాయి. కొన్నవారు ముందు నిలుతురు, కొననివారు వెనుక నిలుతురు. అట్ట వెనుక అట్ట లాగుచు కథ చెప్పి, సరిగా నాయకు డాపదలో నుండగా నాపి, తక్కినది రేపని చెప్పి సైకి లెక్కి పోవును. 1931లో పుట్టిన 'బంగారు గబ్బిల'మను కథ యిట్లే వీథుల వెంట తిరిగి పేరు పొందెను. కథ రుచింపనినాడు మరునాటి మిఠాయి అమ్ముడుపోదు. ఆ కథకునకు వేరే విమర్శకుని యక్కర లేకుండెను.

జపానున టెలివిజను ప్రసారములు 1953లో నారంభమైనవి. వీథి కథకులు క్రమముగా సన్నగిల్లిరి. వింత యేమనగా, మిఠాయి మాత్రము పోలేదు.

1963 జనవరి 1వ తేదీన ఫుజి టెలివిజనులో 'తెత్సువాన్ ఆటము' అను బొమ్మకథ మొదలయ్యెను. 'ఉక్కుచేతుల ఆటము' అని దాని యర్థము. వ్యయమునకు పోషకులుగా నిలిచినది మెయిజి యను మిఠాయి కంపెనీ. ఆటము బొమ్మల నంటించుకొను కాగితములను చాక్లెట్లతో నిచ్చి ఆ కంపెనీ మంచి వ్యాపారము చేసికొనెను. సైకిలుమీది పెట్టె గాజుపెట్టెగా మారినదేకాని బేరము మారలేదు.

ఈ కథకు కర్త తెజుకా ఒసాము. 1928లో పుట్టినవాడు, వైద్యవిద్య చదివి, వైద్యము మాని బొమ్మల కథలు గీయుట వృత్తిగా బెట్టుకొన్నవాడు. ఆటము కథను 1952నుండి యొక బాలుర పత్రికలో గీయుచుండెను. 1961లో తన సొంత చిత్రశాల స్థాపించి, వారమున కొక అరగంట కథ యీయగలనని పూనుకొనెను. ఆ పూనిక యెంత సాహసమో లెక్క వేసి చూడవచ్చును. సినిమా ఫిల్ములో సెకనునకు 24 చిత్రములు నడచును. ఇరువది నిముషముల కథ యన్నచో 28,800 చిత్రములు. ఇన్నిటిని వేరువేరుగ గీయుట వారములో నగు పని కాదు. అందుచే తెజుకా బృందమువా రొక్కొక్క గీతపటమును మూడేసిసార్లు ఫోటో తీసిరి. లెక్క 9,600కు దిగినది. మాటలాడు మనిషికి ముఖ మంతయు గీయక నోరు మాత్రము కదలించిరి. కదలని బొమ్మమీద కెమెరాను నడపిరి. ఆటము ఎగురు దృశ్య మొకసారి గీచి బీరువాలో దాచి, అవసరమైనప్పుడెల్ల తీసి వాడుకొనిరి. దీనికి 'బ్యాంకు' అని పేరు పెట్టుకొనిరి. ఈ పొదుపులచేత గీయవలసినవి కొద్ది వేలకు దిగెను.

ధర విషయమున నొక వివాద మున్నది. ఒక్కొక్క భాగమును 5,50,000 యెన్లకే తెజుకా యొప్పుకొనెనని చాలకాలము చెప్పుకొనిరి. లోపలిలెక్క లెరిగినవారు కొందరు తరువాత, ముట్టిన సొమ్ము అంతకంటె నెక్కువయని వాదించిరి. ఏ లెక్క సరియైనను, వచ్చినది వ్యయమునకు చాలలేదనుటలో భేదాభిప్రాయము లేదు. లోటును బొమ్మల హక్కు లమ్మియు, అమెరికాకు కథ నమ్మియు పూడ్చుకొనవలసివచ్చెను. మొదటివాడు తక్కువకు పాడిన పాట తరువాతివారికి కట్టుబాటయ్యెను. మధ్యపటములు గీయు కూలికి పటమునకింత యని యిచ్చుటయే వాడుకయై, దినమెల్ల వంగి గీచినను పూట గడవని యువకు లెందరో యా వృత్తిలో నుండిరి. 1989లో తెజుకా మరణించినపుడు, ప్రసిద్ధ దర్శకుడు మియాజాకి హయావో యీ విషయమున నతనిని బహిరంగముగనే నిందించెను. చనిపోయినవానిమీద మాట యేల యని కొందరికి తోచినది. నాకు మాత్రము అది చెప్పవలసిన మాటయే యనిపించును. ఆ చిత్రశాలయు 1973లో దివాలా తీసెను.

ఇంత బీదతనమున పుట్టిన కథలో నేమున్నది? మొదటి భాగమును చూతము. తెన్మా యను శాస్త్రజ్ఞునకు ఒక్కడే కొడుకు. ఆ బాలుడు కారు ప్రమాదమున మరణించెను. దుఃఖము పట్టలేని తండ్రి వాని రూపముననే యొక యంత్రబాలుని చేయించి, కొడుకని పిలుచుకొనెను. సంవత్సరములు గడచినను బాలు డెదుగడు. యంత్ర మెట్లెదుగును? తండ్రికి మొదట విసుగు, తరువాత కోపము. కడకు వానిని సర్కసుకు అమ్మివేసెను. గీతలలో కదలిక తక్కువ. ముఖములు కొయ్యబారి యున్నవి. ఒక దృశ్యమునే మరల మరల చూపిరి. ఇవి దోషములే. అయినను కొడుకు ఎత్తు పెరుగలేదని తండ్రి కనుగొను చోట కదలిక యక్కరయే లేదు. కదలకపోవుటయే కథ. బీదతనము అచ్చట కథకు తోడు వచ్చినది. ఒక భాగమును తూచుటయన నిట్టి చోట్లను పట్టుకొనుట.

ఆటము 193 భాగములు నడచి 1966 డిసెంబరు 31వ తేదీన ముగిసెను. చూచువారి సంఖ్య సగటున నూటికి 30 ప్రాంతమున నుండెను. ఈ సంఖ్య యెట్లు వచ్చుననగా, ఎన్నుకొన్న కొన్ని యిండ్ల టెలివిజనులకు లెక్కయంత్రము లమర్చి, ఏ వేళ నే కథ నడచుచున్నదో వ్రాసికొందురు. ఆ శాతమునుబట్టియే పోషకులు ధనమిత్తురు, మానుదురు. ఎందరు చూచిరో ఈ త్రాసు చెప్పును. చూచినవారి మనసులో నేమి మిగిలెనో చెప్పదు.

పెద్దలకొరకు బొమ్మకథ లాలస్యముగా పుట్టినవని కొందరు వ్రాయుదురు. అది సరికాదు. ఆటము మొదలైన 1963లోనే, అదే ఫుజి టెలివిజనులో, రాత్రి పొద్దుపోయినపిమ్మట 'సెన్నిన్ బురాకు' అను పెద్దల హాస్యకథ ప్రసారమయ్యెను. అమెరికాలో 1960లోనే 'ఫ్లింట్‌స్టోన్స్' అను బొమ్మల సంసారకథను రాత్రి భోజనపు వేళ కుటుంబములకై చూపిరి. 1989లో నారంభమైన 'సింప్సన్స్' తెలిసినదే. భేద మెచ్చట నుండుననగా, ఏ వయసువారికి చెప్పిన కథ యేది యను నెరుకలో.

ఈ యెరుక లేకపోవుటచే మన దేశముననే యొక చిక్కు వచ్చెను. షిన్‌చాన్ యను ఐదేండ్ల అల్లరిపిల్లవాని కథను మీ మనుమలు చూచియే యుందురు. అది తెలుగు మాటలతో గూడ వచ్చినది. ఈ కథ 1990లో జపానున నొక వయోజనుల వారపత్రికలో మొదలైనది. తల్లిదండ్రుల సంసారపు బాధలను పిల్లవాని నోట పలికించి పెద్దలను నవ్వించుట దాని యుద్దేశము. 1992లో టెలివిజనుకెక్కెను. పిల్లలకు చూపదగని కథలలో దీనిని జపాను తల్లిదండ్రులే తరచు లెక్కించిరి. మన దేశమున దీనిని పిల్లల కేంద్రములో పిల్లల వేళ చూపిరి. పిల్లలు పెద్దలకు ఎదురుమాటలాడుట నేర్చుకొనుచున్నారని ఫిర్యాదులు పోగా 2008లో ప్రభుత్వము నిలిపివేసెను. 2009లో కత్తిరింపులతో మరల వచ్చెను. చూపినవారు భాగము భాగము చూచి యేరలేదు. నిలిపినవారును కథ నంతటిని గుత్తగా నిలిపిరి. ఆ వరుసలో తల్లి అలసటను, తండ్రి అప్పును చెప్పు భాగము లున్నవి. అవి మనుమనికంటె తాతకే యెక్కువ తెలియును.

మరల జపానునకు పోదము. 1974 అక్టోబరు 6వ తేదీన 'అంతరిక్ష యుద్ధనౌక యమాతో' మొదలయ్యెను. యమాతో యనునది కల్పితపు పేరు కాదు. 1945 ఏప్రిలు 7వ తేదీన అమెరికా విమానములు ముంచివేసిన జపాను మహానౌక పేరది. కథలో 2199వ సంవత్సరము. శత్రుగ్రహమువారు కురిపించిన గుండ్లచే భూమిమీద విషకిరణములు నిండినవి, సముద్రము లెండినవి. మునిగిపోయిన ఆ నౌకనే యాకాశనౌకగా మార్చి, విషము విరుగుడు తెచ్చుటకై దూరలోకమునకు పంపుదురు. ఒక్కొక్క భాగము చివర, భూమి నశించుట కింక నిన్ని దినములని తెరమీద వ్రాయుదురు. హిరోషిమా నెరిగిన జనులకు ఆ లెక్క వట్టి కల్పనగా తోచియుండదు.

అయినను జనులు చూడలేదు. ఆదివారము సాయంకాల మదే వేళకు వేరొక కేంద్రములో 'హైడీ' యను కొండపల్లె బాలిక కథ నడచుచుండెను. అదియు మంచికథయే, ఇల్లిల్లు దాని ముందే కూర్చుండెను. యమాతో శాతము నూటికి ఆరేడు దగ్గర నిలిచిపోయెను. 39 భాగములకు వేసిన ప్రణాళికను 26కు కత్తిరించి 1975 మార్చి 30వ తేదీన ముగించిరి. ముగింపునకు రెండువారముల ముందు, 24వ భాగమున, శత్రుగ్రహమును నాశనము చేసి గెలిచిన నాయకుడు ఆ శిథిలముల నడుమ నిలిచి, తాము చేయవలసినది యుద్ధము కాదని విలపించును. గెలుపునాడు గెలిచినవా డేడ్చుట మన స్త్రీపర్వ మెరిగినవారికి క్రొత్త కాదు. పిల్లల బొమ్మకథ యని పేరుపడిన దానిలో నది వచ్చుట క్రొత్త. ఆ భాగము ప్రసారమైననాడు చూచినవారు కొద్దిమందియే.

ఆ కొద్దిమంది యూరకుండలేదు. ఇండ్లలో చిత్రమును పట్టి దాచు యంత్రము లప్పటికి వ్యాపింపలేదు. టెలివిజను ప్రక్క టేపురికార్డరు పెట్టి మాటలు మాత్రము పట్టుకొని మరల మరల విన్నవా రుండిరి. రేడియో వినువారికి ఈ బాధ తెలియును: విన్నది గాలిలో కలిసిపోవును, చేతిలో నేమియు మిగులదు. ఆ యువకులు సంఘములు కట్టి చిన్న పత్రికలచ్చువేసి, ఏ భాగము నెవరు వ్రాసిరి, ఎవరు గీసిరి, ఎచ్చట గీత చెడినది యని పంచుకొనిరి. పునఃప్రసారములలో చూచువారు పెరిగిరి. 1977లో 'అవుట్' అను పత్రిక యమాతోకు ఒక సంచికలో ప్రత్యేకస్థానమిచ్చెను. అదే యేడు ఆగస్టులో ఆ భాగములను కూర్చి సినిమాగా విడుదల చేయగా, ముందురాత్రినుండియే జనులు వరుసలు కట్టిరి. 1978లో 'అనిమేజి' యను మాసపత్రిక కేవలము బొమ్మకథల విచారణకే పుట్టెను. మరు సంవత్సరమునుండి పాఠకుల యోట్లతో ఉత్తమకథల నెన్నుట యారంభించెను.

ఈ విమర్శకులు పట్టిన కీలక మొకటి చెప్పవలెను. వారపు కథ యంతయు నొకచేతి పని కాదు. మొత్తమునకు దర్శకు డొకడున్నను, ప్రతి భాగమునకు కథ వ్రాయువాడు వేరు, ఆ భాగమును నడపువాడు వేరు, పదిమంది గీచిన గీతలను దిద్ది యొక తీరునకు తెచ్చు గీతల పెద్ద వేరు. వేళ చాలనపుడు కొన్ని భాగములను బయటి చిత్రశాలలకు పంచి యిత్తురు. అందుచే నొకవారము నాయకుని ముఖము చక్కగా నుండి, మరువారము గుర్తుపట్టలేనట్లుండును. చివర గబగబ జారిపోవు పేర్లపట్టికను చదువ నేర్చినవానికి ఈ రహస్యము తెలియును.

ఇక 'గండాము' మాట. 1979 ఏప్రిలు 7న మొదలయ్యెను. దర్శకుడు తోమినో యోషియుకి. ఆటము కాలమున తెజుకా చిత్రశాలలో పని నేర్చినవాడు. ధనమిచ్చినది బొమ్మల కంపెనీ. వారు కోరినది మనిషి యెక్కి నడపు పెద్ద యంత్రముల పోరాటము, ఆ యంత్రముల బొమ్మల యమ్మకము. తోమినో యిచ్చినది యుద్ధకథ. అందులో శత్రువులు రాక్షసులు కారు. మనుష్యులే, తల్లులు గలవారే. బొమ్మ లనుకొన్నట్లు అమ్ముడుపోలేదు. 52 భాగముల ప్రణాళిక 43కు దిగి 1980 జనవరిలో ముగిసెను. మరల అదే చరిత్ర: పునఃప్రసారము, పత్రికలు, వేరొక కంపెనీ చేసిన యంత్రపుబొమ్మల కొరకు దుకాణములముందు వరుసలు, 1981లో సినిమా. యమాతో తీర్పు తప్పినదని చూచియును అదే తీర్పును మరల నిచ్చిరి.

ఈ గండాములో 15వ భాగము 1979 జులై 14న ప్రసారమైనది. ప్రధానకథతో దానికి సంబంధము స్వల్పము. శత్రుసైన్యమునుండి పారిపోయిన దోవాను అనువాడొక ద్వీపమున అనాథపిల్లలను పెంచుచుండును. ఆ పిల్లల తలిదండ్రులు యుద్ధమున చచ్చినది వాని తుపాకి గుండ్లచేతనే. పిల్లలను గూడ చంపుమని సైన్యము కోరగా, వారిని తీసికొని పారిపోయెను. ఆయుధము లేని యొక పాతయంత్రముతో, రాళ్లు విసరియు చేతులతో పోరాడియు వారిని కాపాడుచుండును. కథానాయకుడు అమురో, పదునైదేండ్ల బాలుడు, ఆ ద్వీపమున చిక్కి యిదంతయు చూచును. కడపట శత్రువులు వచ్చి ఓడిపోయిన పిమ్మట, అమురో దోవాను యంత్రమును లేవనెత్తి సముద్రములో పారవేయును. పిల్లలు దిగ్భ్రమ చెందుదురు. దోవానునకు మాత్రమర్థమగును: తన యొంటికంటిన యుద్ధపు వాసనయే శత్రువులను పిలుచుచున్నది; అది పోయిననాడు గాని పిల్లలకు శాంతి లేదు.

ఈ భాగమును గీతలనుబట్టి తూచినచో నిలువదు. యంత్రముల యొడలు సన్నగిలి మూతులు పొడవైనవి. యెచ్చటి కొలత యచ్చట లేదు. ఏండ్ల తరబడి చూచువారు దీనిని నవ్వులకు ఉదాహరణముగా చెప్పుకొనిరి. అమెరికాకు పంపిన ప్రతులలో నీ భాగము చేరలేదు. దర్శకుడే వలదనెనని చెప్పుదురు. అయినను గండాము 43 భాగములలో నొక్కటి మీకు చూపుమన్నచో నేను దీనినే చూపుదును. తక్కిన భాగములలో యుద్ధము తప్పని ధర్మసంకటము. ఇం దొక్కడు దానినుండి బయటికి నడచి వచ్చి, చేసినదాని ఋణము పిల్లల యన్నముగా తీర్చుకొనుచున్నాడు. ఇది చెప్పుటకు మంచి గీత కావలసినమాట నిజము. లేకపోయినను చెప్పబడినది.

ఇండ్లలో వీడియోటేపులు వచ్చిన పిమ్మట విమర్శకు చేవ పెరిగినది. ఒకే భాగమును నిలిపి నిలిపి చూడగలిగిరి. దానితో నొక రోగమును వచ్చినది: గీతల తప్పు లేరుట సులభమై, కథ నడుగుట తగ్గినది. 1996 మార్చిలో 'ఎవాంజెలియను' కథ చివరి రెండు భాగములు పోరాటమును విడిచి పాత్రల మనసులోని వాదములుగా నడవగా, కొందరు మోసమనిరి, కొందరు మహత్తనిరి. 1997లో సినిమాగా వేరొక ముగింపు చేయవలసివచ్చెను. ఆ కలహ మింకను చల్లారలేదు.

15వ భాగము సంగతి యిట్లు ముగిసెను. గండాము పాత్రలకు రూపము దిద్ది, గీతల పెద్దగా నుండిన యసుహికో యోషికాజు, డెబ్బదినాలుగేండ్ల వయసున, ఆ నవ్వులపాలైన భాగమునే యెన్నుకొని పూర్తిసినిమాగా గీయించెను. 2022 జూను 3వ తేదీన అది జపానున విడుదలయ్యెను. గీతలన్నియు మారినవి, ద్వీపమున పిల్లల సంఖ్య పెరిగినది. యంత్రము మాత్రము చివర మరల సముద్రములోనే పడినది.